నడుం నొప్పి ఒకరిది, కాపలా ఇంటిల్లిపాదిదీ

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. ఉండేది గాజువాక, పని పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో. రోజూ బైకు మీదే రాకపోకలు. మూడేళ్ళుగా నడుం నొప్పి. స్కానింగ్‌లో నడుం దగ్గర ఎల్4-ఎల్5 అనే రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు ఉబ్బిందన్నారు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మా ఆవిడ నన్ను నీళ్ళ బకెట్ కూడా ముట్టుకోనివ్వదు, ఐదేళ్ళ పాపను ఎత్తుకోనివ్వదు. అమ్మ దిష్టి అంటుంది. నాన్న, ఒళ్ళు వంచడం ఇష్టం లేక అంటాడు. నాకు అందరి మీదా విసుగొస్తోంది. మొన్న ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్ళి నాలుగు రోజులు ఒక్కణ్ణే ఉంటే నొప్పి సగానికి తగ్గింది. ఇంటికొచ్చాక మళ్ళీ మామూలే. ఇంట్లోవాళ్ళ వల్ల నొప్పి పెరుగుతుందా? లేక ఇదంతా నా మనసులోదేనా? బెల్టు రోజంతా పెట్టుకోవచ్చా?

జవాబు:

విశాఖలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. మా ఆయనకు పన్నెండేళ్ళుగా నడుం నొప్పి. అంటే పగలంతా నడుం నొప్పి వాళ్ళకు వైద్యం చేసేదాన్ని, సాయంత్రం ఆరు దాటితే నడుం నొప్పి మనిషి పెళ్ళాన్ని. మొదటి ఉద్యోగంలో కన్నా రెండో ఉద్యోగంలోనే ఎక్కువ తప్పులు చేశాను. మీ ప్రశ్న చదువుతుంటే మా ఆయన రాసినట్టే ఉంది.

కుటుంబం సంగతికి వచ్చేముందు రెండు విషయాలు తేల్చుకోండి. కాళ్ళలో బలం తగ్గుతున్నా, మూత్రం మీద గానీ మలం మీద గానీ అదుపు పోయినా, కూర్చునే చోట, తొడల లోపలి వైపు తిమ్మిరి పట్టినా ఇది చదవడం ఆపేసి ఆసుపత్రికి వెళ్ళాలి. రేపు కాదు, ఆ రాత్రే, కేజీహెచ్ పెద్దాసుపత్రి క్యాజువాలిటీకైనా సరే. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండడం, ఇవి కూడా డాక్టరుకు దాచకూడనివి. ఇక మీ వయసు వాళ్ళను నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. పొద్దున్న లేచాక అరగంట దాటినా నడుం బిగుసుకుపోయే ఉంటుందా? పడుకుంటే ఎక్కువై, కదిలితే తగ్గుతుందా? అవునంటే అది డిస్కు సంగతి కాకపోవచ్చు, కీళ్ళవాతం డాక్టరుకు చూపించుకోవాలి. ఇవేవీ లేవనుకునే మిగతాది రాస్తున్నాను.

మనసులోదేనా అని అడిగారు. కాదు. మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యంలో దీర్ఘకాలిక నొప్పి అంటారు. మీది మూడేళ్ళు. ఇన్నాళ్ళయ్యాక నొప్పి ఒక్క డిస్కు దగ్గరే కూర్చుని ఉండదు. వెన్నుపాములోనూ మెదడులోనూ కబురు మోసే దారులన్నీ సున్నితమైపోతాయి. దొంగ వచ్చినప్పుడు మోగాల్సిన అలారం పిల్లి దూకినా మోగినట్టన్నమాట. అలారం నిజంగానే మోగుతోంది, మీరు కల్పించుకున్నది కాదు. కాకపోతే దాన్ని మోగించేవి ఇప్పుడు ఎముకా కండరమే కాదు. నిద్ర, టెన్షన్, భయం, ఎదురుగా ఉన్న మనిషి మొహం, అన్నీ మోగిస్తాయి. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనంలో కూడా నొప్పి అంటే ఒంటికి తెలిసేదీ మనసుకు తగిలేదీ కలిసిన అనుభవమనే ఉంది. కాబట్టి ఇంట్లోవాళ్ళ వల్ల పెరుగుతుంది, ఇంట్లోవాళ్ళ వల్ల తగ్గుతుంది కూడా. హైదరాబాద్‌లో తగ్గడానికి మాత్రం ఇల్లు దూరమవడమొక్కటే కారణమనుకోకండి. ఆ నాలుగు రోజులూ మీరు గాజువాక లారీల మధ్య బైకు నడపలేదు కూడా. పాపం మీ ఆవిడ ఒక్కర్తెను దోషిని చేయొద్దు.

ఇప్పుడు మా ఇంటి కథ.

మా ఆయనకు మొదట నొప్పి వచ్చినప్పుడు నేను చదివిన చదువంతా ఆయన మీద ప్రయోగించాను. మంచం దిగుతుంటే "పక్కకు తిరిగి లే". సోఫాలో కూర్చుంటే "వెనక దిండు పెట్టుకో". పేపరు కింద పడితే ఆయన కన్నా ముందు నేను వంగేదాన్ని. ఇంట్లో ఎక్కడికి కదిలినా వెనక నుంచి "మెల్లగా, మెల్లగా" అని నా గొంతు వినిపించేది. అదే ప్రేమ అనుకున్నాను. చుట్టాలు కూడా, డాక్టరమ్మ మొగుణ్ణి ఎంత బాగా చూసుకుంటుందో అనేవారు. ఫిజియోను డాక్టరమ్మ అంటే కాదనకుండా మురిసిపోయే రోజులవి.

మేముండేది రెండో అంతస్తు. తాగే నీళ్ళు 20 లీటర్ల క్యానులో వస్తాయి. కుర్రాడు గుమ్మం దగ్గర దించి పోతాడు. దాన్ని వంటింట్లో స్టాండు మీద బోర్లించాలి. నీళ్ళే 20 కిలోలు. మా ఆయన దాన్ని ముట్టుకోకూడదని నా ఆర్డరు. నేనో మా అబ్బాయో ఎత్తేవాళ్ళం. ఒక ఎండాకాలం క్లినిక్‌లో పేషెంట్లు లేక పదకొండింటికే ఇంటికొచ్చేశాను. తలుపు దగ్గరకు వేసి ఉంది. తోసి చూస్తే ఆయన లుంగీ పైకి కట్టి, క్యాను మూతి మీది ప్లాస్టిక్ చుట్టు పీకి పారేసి, మోకాళ్ళు వంచి, క్యానును కడుపుకు ఆనించుకుని లేచి నిలబడుతున్నాడు. అచ్చం నేను పేషెంట్లకు నేర్పినట్టే. స్టాండు మీద బోర్లించాడు. గుడగుడమని బుడగలు పైకొచ్చాయి. అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. సిగరెట్టుతో నాన్నకు దొరికిపోయిన ఇంటర్ కుర్రాడి మొహం.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"సంక్రాంతి నుంచి."

"మరి నొప్పి?"

"ఎత్తినప్పుడు ఏమీ ఉండదే. నువ్వు వెనకాల నిలబడి మెల్లగా అన్నప్పుడే పట్టేస్తుంది."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తట్టింది. ఆయన వంగిన ప్రతిసారీ నా మొహంలో భయం కనబడేది. ఆ భయం చూసి ఆయన నడుం కండరాలు ముందే బిగుసుకునేవి. బిగుసుకున్న కండరంతో వంగితే నొప్పి రాక ఏం చేస్తుంది? నొప్పి రాగానే, చూశావా నేను చెప్పలేదూ అనేదాన్ని. ఇలా ఆరేళ్ళు.

ఇది మా ఇంటి వింతేమీ కాదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ట్ ఫోర్డైస్ అనే మనస్తత్వవేత్త 1960లు, 70లలోనే దీన్ని పట్టుకున్నాడు. మనిషి మూలిగితే అందరూ పరిగెత్తుకొస్తారు, కాళ్ళు పడతారు, పని తప్పుతుంది. అదే మనిషి పది నిమిషాలు నడిచి వస్తే ఎవరూ పట్టించుకోరు. ఇలా ఏళ్ళు గడిస్తే ఎవరూ కావాలని చేయకుండానే మూలుగు పెరుగుతుంది, నడక తగ్గుతుంది. అందుకని ఆయన వార్డులో సిబ్బందికి, పేషెంటు మూలిగినప్పుడు కాదు, కదిలినప్పుడు పలకరించడం నేర్పాడు. మాత్ర కూడా నొప్పి పుట్టినప్పుడు కాకుండా గడియారం చూసి ఇప్పించాడు. నాటకమాడుతున్నారని ఆయన అనలేదు. ఈ ముక్క మీ నాన్నగారికి చెప్పేటప్పుడు గట్టిగా చెప్పండి.

1980లో వచ్చిన ఇంకో అధ్యయనం నాకు మరీ ఇష్టం. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్ళను, ఎంత నొప్పిగా ఉంది అని అడిగారు. ఒకసారి, అటు నుంచి మాత్రమే కనబడే అద్దం అవతల భార్యో భర్తో చూస్తున్నారని చెప్పి, ఇంకోసారి వార్డు గుమాస్తా చూస్తున్నాడని చెప్పి. ఇంట్లో తమను కనిపెట్టుకుని చూసుకునే మనిషి ఉన్నవాళ్ళు, ఆ మనిషి చూస్తుందనుకున్నప్పుడు నొప్పి ఎక్కువ చెప్పారు. ఇంట్లో అంతగా పట్టించుకోనివాళ్ళు ఉన్నవాళ్ళేమో గుమాస్తా చూస్తున్నప్పుడే ఎక్కువ చెప్పారు. నా క్లినిక్‌లోనూ ఇదే చూస్తాను. భర్త పక్కన కూర్చుని ఉండగా పదికి ఎనిమిది అన్న మనిషి, ఆయన బండి పక్కకు పెట్టి రావడానికి వెళ్ళగానే ఐదు అంటుంది. రెండూ నిజమే. ఎనిమిది అన్నప్పుడు ఆవిడకు నిజంగా ఎనిమిదే.

అయితే ఇంట్లోవాళ్ళంతా దూరంగా ఉంటే బాగుపడతారా అంటే, అదీ కాదు. 2006లో 16 మంది పెళ్ళయిన ఆడవాళ్ళ మీద ఒక పరీక్ష చేశారు. మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, చిన్న కరెంటు షాక్ తగలొచ్చని బెదిరించారు. భర్త చెయ్యి పట్టుకుంటే మెదడులో కంగారు తగ్గింది. ముక్కూమొహం తెలియనివాళ్ళ చెయ్యి అంత పనిచేయలేదు. సంసారం బాగున్నవాళ్ళకు ఇంకా బాగా తగ్గింది. అది నడుం నొప్పి మీద చేసింది కాదు, నిజమే. కానీ ఇందాక చెప్పిన అలారం లెక్కలో చూస్తే సరిగ్గా సరిపోతుంది. చెయ్యి పట్టుకోవడం వేరు, చెయ్యి పట్టుకుని ఆపేయడం వేరు. మీ ఆవిడ రెండోది చేస్తోంది. నేనూ అదే చేశాను.

మరి మీ ఆవిడకు ఎలా చెప్పాలి? "నీ వల్లే నాకు నొప్పి" అని మాత్రం చచ్చినా అనకండి. మూడేళ్ళుగా బకెట్లు మోస్తున్నది ఆవిడ. సిలిండరు జరిపేది, పాపను స్కూలు ఆటో ఎక్కించేది, మీ విసుగు మింగేది కూడా ఆవిడే. ఆవిడ నడుం ఎలా ఉందో ఎప్పుడైనా అడిగారా? నా దగ్గరకు భర్తల ఫైలు పట్టుకుని వచ్చే ఆడవాళ్ళు ఎందరో, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి "మేడమ్, నాకు కూడా ఇక్కడ కొంచెం పట్టేసినట్టుంటుంది" అంటారు. మగవాడికి నడుం నొప్పొస్తే ఇంట్లో మంచం వేస్తారు. ఆడదానికొస్తే పొయ్యి దగ్గర స్టూలు కూడా వేయరు. కోడలి నొప్పికయితే పని తప్పించుకోవడానికనే పేరు ఎలాగూ ఉంది. అందుకని వాళ్ళు చెప్పరు. చెప్పని నొప్పి ముదిరిపోయాక నా దగ్గరకొస్తుంది. మీ ప్రశ్నకు సంబంధం లేదనుకోకండి, ముందు ఆవిడను అడగండి. మాట అక్కడ మొదలైతే మిగతాది ఆవిడే వింటుంది.

తర్వాత ఒక పని ఎంచుకోండి. ఒక్కటే. నా మాట వింటే బకెట్‌తోనే మొదలుపెట్టండి. "రేపటి నుంచి పొద్దున్న సగం బకెట్ నేను తెస్తాను, నొప్పి ఉన్నా లేకపోయినా. నువ్వు చూస్తూ నిలబడకు, లోపల కాఫీ కలుపు" అని ముందే చెప్పండి. ముందే చెప్పడం ముఖ్యం, లేకపోతే మా ఆయనలా దొంగతనంగా ఎత్తాల్సి వస్తుంది. సగం బకెట్ అంటే ఆరేడు కిలోలు. రెండు వారాల తర్వాత ముప్పావు. బాగున్న రోజు రెండు బకెట్లు తెచ్చి మొనగాడినని చూపించుకోవద్దు, బాగోలేని రోజు మానేయనూ వద్దు. నడక కూడా ఇంతే. నొప్పి పుట్టేదాకా నడిచి ఆగితే నొప్పి మీకు యజమాని అవుతుంది. వాచీ చూసి పది నిమిషాలు నడిచి ఆగండి. నాలుగైదు రోజులకొకసారి రెండేసి నిమిషాలు పెంచుకోండి. మామూలు రోజుల్లో మీ కాలనీలోనే చాలు. ఆదివారం పెందరాళే, బండ్లను రానివ్వని వేళకు ఆర్కే బీచ్ రోడ్డుకు మీ ఆవిడనూ పాపనూ తీసుకెళ్ళండి. నడిచేటప్పుడు నొప్పి మాట ఎత్తకూడదని ఒప్పందం. మిగతా ఏదైనా మాట్లాడుకోండి, పోట్లాడుకున్నా పర్లేదు.

నొప్పి గురించి అడగడం ఎలా అన్నది మా ఇంట్లో పెద్ద తగువే అయింది. రోజుకు పదిసార్లు "ఎలా ఉంది?" అని అడిగితే ఆయన పదిసార్లు తన నడుంలోకి తొంగి చూసుకోవాల్సి వచ్చేది. తొంగి చూస్తే ఏదో ఒకటి కనబడుతుంది. అసలు అడగడం మానేస్తే ఆయనకు పట్టనట్టుండేది. చివరికి తువ్వాలు దగ్గర రాజీ కుదిరింది. బాగోలేని రోజు ఆయన భుజం మీద తువ్వాలు వేసుకుంటాడు. అది చూసి నేను ఏమీ అడగను. ఆయన నసిగినా, మాట విసిరినా నా మీద కాదని తెలుసుకుంటాను. ఆయనా ఆ వంకతో ఏ పనీ మానడు, కాస్త తగ్గించి చేస్తాడంతే. చుట్టాలొచ్చినప్పుడు ఈయనేమిటి బనీను మీద తువ్వాలేసుకుని టీవీ చూస్తున్నాడని విచిత్రంగా చూస్తారు. చూడనివ్వండి.

పాపను ఎత్తుకోవడం గురించి రాశారు. నిలబడి, వంగి, గభాలున ఎత్తుకోవద్దు, అంతే. మంచం మీద కూర్చుని రమ్మనండి, ఎక్కుతుంది. కుర్చీ ఎక్కించి అక్కణ్ణుంచి గుండెకు ఆనించుకుని ఎత్తండి. "నాన్నకు నొప్పమ్మా, ముట్టుకోకు" అని ఐదేళ్ళ పిల్లకు ఇంట్లో రోజూ చెబుతుంటే, నాన్నంటే గాజు సీసా అనుకుంటుంది. రేపు తన కడుపులో కాస్త నొప్పొచ్చినా ఏం చేయాలో మీ ఇంట్లోనే నేర్చుకుంటుంది.

రాత్రి సంగతి ఎవరూ అడగరు, మీరూ అడగలేదు, నేనే చెబుతాను. నడుం నొప్పి వచ్చాక చాలామంది దంపతులు పక్కలు వేరు చేసుకుంటారు. మొదట నిద్ర పాడవుతుందని, తర్వాత అలవాటుగా. ఆయనకు నొప్పొస్తుందేమోనని ఆవిడ, ఆవిడ ఏమనుకుంటుందోనని ఆయన, ఇద్దరూ మాటెత్తరు. నొప్పికన్నా ఈ మౌనమే సంసారాన్ని ఎక్కువ తింటుంది. అందరికీ సరిపడే భంగిమంటూ లేదు. ముందుకు వంగితే నొప్పి వచ్చేవాళ్ళకు ఒకటి, వెనక్కి వంగితే వచ్చేవాళ్ళకు ఇంకొకటి సరిపడుతుంది. మీకు ఏ వైపు వంగితే పెరుగుతుందో మీకు తెలుసు, దాన్నిబట్టి చూసుకోండి. దిండు వాడండి, తొందర వద్దు. ఏమీ కుదరని రోజు పక్కన పడుకుంటే చాలు. సిగ్గుపడకుండా మీ ఫిజియోను అడగండి. మేం సిగ్గుపడం.

ఇక నాన్నగారు. మీ నాన్నగారి వయసు మగవాళ్ళు ఈ ఊళ్ళో పోర్టులోనో షిప్‌యార్డులోనో ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళు. "మేం బస్తాలు మోసినోళ్ళం, మాకేటి నొప్పులు" అంటారు. వాళ్ళకూ ఉండేవి, ఎవరూ అడగలేదంతే. ఆయనకు స్కానింగ్ ఫైలు చూపించి గెలవాలని చూడకండి. రెండు కారణాలు. ఒకటి, ఆ ఫైలు మీరనుకున్నంత గట్టి సాక్ష్యం కాదు. ఏ నొప్పీ లేనివాళ్ళ స్కానింగులు 3,000కు పైగా కలిపి చూసి 2015లో లెక్కకట్టారు. నలభై ఏళ్ళ వాళ్ళలో సగం మందికి డిస్కు ఉబ్బే ఉంది. మీ వీధిలో నొప్పి ఎరగనివాళ్ళను వరుసగా స్కాన్ చేయించినా ఎంతోమందికి మీ రిపోర్టు లాంటిదే వస్తుంది. రెండోది అసలైన కారణం. ఒకసారి ఇంట్లో ఫైలు పట్టుకుని నొప్పి రుజువు చేయడం మొదలుపెడితే, ఇక బాగుపడటానికి వీల్లేదు. ఆదివారం బీచ్‌లో నడిస్తే సోమవారం "నిన్న బాగానే నడిచావుగా" అంటారు. ఆ మాట పడలేక మనిషి నడవడమే మానేస్తాడు. నమ్మనివాళ్ళ మధ్య ఉన్నవాళ్ళు ఆలస్యంగా కోలుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో. తిట్టడం, ఎత్తిపొడవడం నొప్పిని తగ్గించవు. అతిగా చూసుకోవడం ఎంత చెడ్డదో ఇదీ అంతే చెడ్డది.

ఆయనతో వాదించకుండా ఒకసారి మీ ఫిజియో దగ్గరకు వెంటబెట్టుకెళ్ళండి. కొడుకు మాట వినని తండ్రి బయటివాళ్ళ మాట వింటాడు, ఇది మన ఇళ్ళలో మామూలే. నేను ఇలాంటి తండ్రులకు ఒక పని అప్పజెబుతాను. "రోజూ సాయంత్రం ఆరింటికి మీ అబ్బాయిని నడకకు తీసుకెళ్ళే బాధ్యత మీది, టైము మీరే చూడాలి." వాచీ చేతికిస్తే చాలు, ఎంత శ్రద్ధగా చేస్తారో. ఒళ్ళు వంచడన్న కొడుకు ఆయన కళ్ళముందే ఒళ్ళు వంచుతుంటాడు, ఇంకేమంటారు?

అమ్మ దిష్టి తీస్తే తీయించుకోండి. నూనె రాస్తానంటే రాయించుకోండి, మర్దన మంచిదే. నేల మీద పడుకోమంటే మాత్రం వద్దనండి. గట్టి పరుపు కన్నా మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపే మేలని 2003లో స్పెయిన్‌లో 313 మంది మీద చేసిన పరీక్షలో తేలింది. కటిక నేల సంగతి చెప్పేదేముంది. ఒక్క జాగ్రత్త. నూనె రాసే ఆ పావుగంటలో తప్ప మీరూ అమ్మా మాట్లాడుకోవడం లేదంటే, ఆ పావుగంట కోసమే నడుం రోజూ నొప్పి పుడుతుంది. నొప్పి లేని రోజు కూడా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చోండి. చిక్కుడుకాయలు ఈనెలు తీసిపెట్టండి.

మీ విసుగు గురించి ఒక్క మాట. నిద్ర సరిగ్గా లేని మనిషికి విసుగు రాక తప్పదు. కానీ "నొప్పితో ఉన్నాను కదా" అనే లైసెన్సు ఎంతో కాలం చెల్లదు. మాట తూలితే అరగంటలో వెళ్ళి తూలానని ఒప్పుకోండి. దిగులు బాగా పట్టి, దేని మీదా ఆసక్తి లేకపోతే దానికీ వైద్యం ఉంది. డాక్టరుకు నడుంతో పాటు ఆ మాట కూడా చెప్పండి.

మా ఆయన సంగతి సగంలో వదిలేశాను. క్యానుతో నాకు దొరికిపోయిన ఏడాది ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్తానన్నాడు. 32 కిలోమీటర్లు. వద్దనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఫిజియోగా చూసినా 32 ఎక్కువే, ఆయన అప్పటికి నడుస్తున్నది రోజుకు ఐదు. ఆయనకూ ఆ విషయం తెలుసు. "అప్పుఘర్ దాకా నడుస్తా, అక్కడ సముద్రంలో మునిగి ఆటో ఎక్కేస్తా" అన్నాడు. సరేనన్నాను. వెంట వెళ్ళలేదు, ఫోను కూడా చేయలేదు. అలా చేయకుండా ఉండటం నాకు 32 కిలోమీటర్లు నడవడం కన్నా కష్టమైంది. చీకటి పడ్డాక తడి పంచెతో, ఇసుక కాళ్ళతో వచ్చాడు. వస్తూనే తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. నేనేమీ అడగలేదు. టీ ఇచ్చాను. మూడు రోజులు తువ్వాలు భుజం దిగలేదు. నాలుగో రోజు నీళ్ళ క్యాను ఆయనే ఎత్తాడు.

బెల్టు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పి మీద సూచనలు ఇచ్చింది. వ్యాయామం, నొప్పి గురించి తెలుసుకోవడం, ఆలోచనా తీరు మీద పనిచేసే చికిత్స, మర్దన మంచివైపు ఉన్నాయి. మామూలుగా వాడొద్దన్న వాటిలో బెల్టులూ, నడుమును సాగదీసి లాగే ట్రాక్షనూ ఉన్నాయి. ఏళ్ళ తరబడి ట్రాక్షన్ పెట్టినదాన్ని, నాకు ఆ జాబితా చదువుతుంటే కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. రోజంతా బెల్టు వద్దు. నడుం చేయాల్సిన పని అదే చేస్తుంది, పైగా మన ఉక్కకు చర్మం పేలిపోతుంది. అది కనబడినంతసేపూ ఇంట్లోవాళ్ళకు మీరు పేషెంటే. బైకు మీద ధైర్యంగా ఉంటుందనుకుంటే ఆ దారి మట్టుకు కొన్నాళ్ళు పెట్టుకోండి. ఇంటికి రాగానే విప్పి హెల్మెట్ పక్కన మేకుకు తగిలించి లోపలికి వెళ్ళండి.